నా వ్యాసాన్ని నమ్మిన మనిషి కోసం వజ్రకరూరు దాకా

అనంతపురం జిల్లా చూడటానికి వెళ్లానని చెబితే అబద్ధమవుతుంది. గుత్తి కోట సగం ఎక్కి దిగిపోయాను. వజ్రకరూరు చేలల్లో జనం నడుము వంచి రాళ్లు ఏరుతుంటే నేను తలెత్తి దారులు అడుక్కుంటూ నడిచాను. శింగనమల చెరువు కట్ట మీద పావుగంట కూడా నిలబడలేదు. ఆ నాలుగు రోజులూ నా కాలు ఒకచోట ఆగలేదు. ఆ నేల గురించి నేను చెప్పగలిగింది పరుగు మీద చూసినంతే.

నేను గుంటూరులో ఒక మహిళా కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం చెబుతాను. ఒక వారపత్రికకు ఆరోగ్యం మీద వ్యాసాలు రాస్తుంటాను. 2006 చివర్లో ప్రోబయోటిక్స్ గురించి, అంటే పేగులకు మేలు చేస్తాయనే బ్యాక్టీరియా గురించి, ఒక వ్యాసం రాశాను. కొందరికి కడుపు ఉబ్బరంగా ఉంటుంది, మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది, ఒకరోజు విరేచనాలైతే మూడురోజులు బిగుసుకుపోతుంది. పరీక్షలు చేయిస్తే అన్నీ బాగున్నాయంటారు. డాక్టర్లు దాన్ని ఐబీఎస్ అంటారు. నాకది పంతొమ్మిదేళ్లుగా ఉంది. ప్రోబయోటిక్ పొడి తిన్నాక నాకు కాస్త నెమ్మదించింది. ఆ సంబరంలో రాసిన వ్యాసం అది. "ఈ బాధకు ఎట్టకేలకు మందు దొరికింది" అని మొదలుపెట్టాను. "మొదట్లో ఇబ్బంది పెరిగినా భయపడి మానేయకండి" అని కూడా రాశాను.

మరుసటి ఏడాది జూన్‌లో పత్రిక ఆఫీసు నుంచి ఒక ఇన్‌ల్యాండు కవరు వచ్చింది. అక్కడ మూడు వారాలు ఏ బల్ల మీదో పడి ఉండి నాకు చేరింది. రాసినాయన పేరు తిప్పేస్వామి, వయసు యాభై నాలుగు, వజ్రకరూరులో టీ హోటలు.

"అమ్మా, మీ వ్యాసం చదివి గుత్తి డాక్టరు దగ్గరికి పోవడం మానేసినాను. ఐదు నెలలుగా పొడి తప్పకుండా తింటాండాను. మొదటి రెండు నెలలు శానా బాగుండె. ఇప్పుడు రెండు నెలల నుంచి రక్తం పడతాంది. బట్టలు వదులైనాయి. మొదట్లో ఇబ్బంది పెరుగుతాదని మీరు రాసినారు కాబట్టి పొడి మానలేదు. ఇంకా ఎన్నాళ్లు ఓర్చుకోవాల?"

వెంటనే డాక్టర్ని కలవమని ఆ సాయంత్రమే జవాబు రాసి పోస్టు చేశాను. పదిరోజులు చూశాను. ఏమీ రాలేదు. ఉత్తరంలో ఫోను నంబరు లేదు. మా ఆయన ఇంకో ఉత్తరం రాయమన్నారు. నేను సెలవు చీటీ రాసిచ్చి రైలెక్కాను.

రైలు పెట్టెలో

నా జబ్బు ఉన్నవాళ్లకు ప్రయాణమంటే ముందు గుర్తొచ్చేది మరుగుదొడ్డి. ఎక్కగానే అది ఎటువైపు ఉందో చూసుకుని దానికి దగ్గరగా కూర్చుంటాం. మనసు బాగాలేని రోజున కడుపు ఇంకా మాట వినదు. నంద్యాల దాటేలోపు ఐదుసార్లు లేచాను.

ఎదురు సీట్లో గాజుల మూటతో ఒకావిడ కూర్చుని ఉంది. గుత్తిలో గాజులమ్ముతుందట. ఐదోసారి నేను తిరిగి రాగానే, "కడుపు బాగలేదా అక్కా?" అని అడిగేసింది. మా వైపు ఆడవాళ్లు ఈ మాట చెవిలో అడుగుతారు. ఆవిడ పెట్టె మొత్తానికి వినబడేట్టు అడిగింది. అవునన్నాను, ఏళ్ల తరబడి ఇంతేనన్నాను.

అంతే, పెట్టెలో ఉన్నవాళ్లంతా వైద్యులైపోయారు. రాగి అంబలి పులియబెట్టి పరగడుపున తాగమని గాజులావిడ చెప్పింది. అవతల సీటు పెద్దమనిషి కరక్కాయ పొడి అన్నాడు. ఒక కానిస్టేబులు తన బావమరిది వారానికొకసారి ఉపవాసముండి బాగుపడ్డాడన్నాడు. ఎవరు చెప్పినా చివర ఒక మనిషి ఉన్నాడు, అతనికి తగ్గింది. నేను చేసిందీ ఇదే కదా అనిపించింది. కాకపోతే వాళ్లు పెట్టెలో పదిమందికి చెప్పారు, నేను అచ్చు వేయించి రాష్ట్రమంతటికీ చెప్పాను.

గుత్తి

గుత్తిలో దిగేసరికి ఉదయం. బస్టాండు ఎదుట తోపుడుబండి మీద ఉగ్గాని పెడుతున్నారు. బొరుగులు, అంటే మరమరాలు, నానబెట్టి నీళ్లు పిండేసి, పోపు పెట్టి, పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీలు. ప్లేటు పది రూపాయలు. మా గుంటూరు కారానికి భయపడే మనుషులున్నారని విన్నాను కానీ, ఆ బజ్జీ మొదటి కొరుకుకు గుంటూరు మనిషిని నేనే నీళ్లు అడిగాను. బండి అతను నవ్వి, "ఉత్త ఉగ్గాని తినక్కా, బజ్జీ నీకు వద్దులే" అన్నాడు. ఇక్కడ "అండీ" అనే మాట వినపడదు. మొదటి గంటలో కొంచెం చురుక్కుమంది, తర్వాత ఆ మాట లేకపోవడమే హాయిగా ఉంది.

తిప్పేస్వామి ఉత్తరంలో చెప్పిన డాక్టర్ని కనుక్కోవడం కష్టం కాలేదు, కానీ ఆయన పదింటికి గాని రాడన్నారు. ఆ రెండు గంటలు కూర్చోలేక కోట మెట్లెక్కాను. గుట్ట మీద గోడలు ఒకదాని పైన ఒకటి పాముల్లా చుట్టుకుని ఉన్నాయి. సగం ఎక్కాక కింద ఊరు, అవతల ఎర్రటి బీళ్లు, వాటి మధ్య మెరుస్తున్న పట్టాలు కనిపించాయి. పైన ఇంకా బాగుంటుందని దిగివస్తున్న ఒకాయన చెప్పాడు. నేను గడియారం చూసుకుని వెనక్కి తిరిగాను.

పదింటికి డాక్టరు వచ్చాడు. అరవై దాటిన మనిషి. నా పేరు చెప్పగానే సొరుగు లాగి నా వ్యాసం ముక్కలు నాలుగు బల్ల మీద పరిచాడు. నాలుగూ నలుగురు పేషెంట్లు కత్తిరించి తెచ్చినవి.

"మీరు రాసిందాంట్లో అబద్ధం లేదు మేడం. సగమే రాసినారు" అన్నాడు.

"ఏ సగం వదిలేశాను?"

"ఏ రకం బ్యాక్టీరియానో రాయలే. బజారులో పది రకాల పొడులు ఉండాయి. ఒకదాని మీద పరీక్ష చేసినారు, మిగతావన్నీ ఆ పేరు చెప్పుకొని అమ్ముకుంటాండాయి. చేసిన పరీక్షలు గూడా చిన్నవి. కొద్దిమంది మనుషులు, కొద్ది వారాలు. కొన్నింట్లో ఉబ్బరం, నొప్పి రవ్వంత తగ్గినాయి. కొన్నింట్లో తేడానే లేదు. మీకివన్నీ తెలుసు కదా?"

తెలుసు. తెలిసే వదిలేశాను. వ్యాసం బరువెక్కుతుందని సంపాదకుడంటాడని వదిలేశాను.

"ఇంగ ఉత్త పిండి సంగతి రాయనే లేదు" అన్నాడు. "ఈ రోగానికి మందు లేని పిండి పొట్లం కట్టిచ్చినా శానామందికి తగ్గుతాది. అందుకే సగం మందికి మందు, సగం మందికి పిండి, ఎవరికి ఏది ఇచ్చిందీ చెప్పకుండా ఇస్తారు. పిండి కంటే మందు ఎంత ఎక్కువ పనిచేసిందనేది చూడాల. ఆ తేడా లేదని నేననను. ఉండాది, చిన్నది."

"మరి మీరు రాస్తారా, ఆ పొడి?"

"రాస్తా. నెల తినమంటా. తగ్గితే సంతోషం. తగ్గకపోతే మానెయ్యమంటా."

అప్పుడు తిప్పేస్వామి ఉత్తరం చేతికిచ్చాను. చదువుతూ చదువుతూ కళ్లజోడు తీసేశాడు.

"యాభై దాటినాయన. రక్తం పడతాంది, బరువు తగ్గినాడు. దీన్ని ఐబీఎస్ అని చెప్పి కూర్చోకూడదు. పొడి మంచిదా కాదా అన్న మాటే ఇప్పుడు వద్దు. గొట్టం వేసి పేగు లోపల చూడాల, వెంటనే." అనంతపురంలో ఒక డాక్టరుకు చీటీ రాస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు. "తప్పు మీ ఒక్కరిదే కాదు. పన్నెండేండ్లు నా దగ్గరికి వచ్చినాడు. ఏం జరిగితే పరిగెత్తుకొని రావాల్నో నేనూ ఎప్పుడూ చెప్పలే."

వజ్రకరూరు

గుంతకల్లులో బస్సు మారి మధ్యాహ్నానికి వజ్రకరూరు చేరాను. అంతకు రెండురోజుల ముందే వాన పడింది. వాన పడితే ఆ చేలల్లో వజ్రాలు పైకి తేలతాయని చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం వచ్చి పడతారు. చెట్ల కింద ప్లాస్టిక్ పట్టలు కట్టుకుని, రాళ్లపొయ్యి మీద వండుకుంటూ రోజుల తరబడి ఉంటారు. మా వైపు తొలకరికి చేలో దిగేవాళ్లు విత్తనంతో దిగుతారు. ఇక్కడ వాళ్లు ఉత్త చేతులతో దిగి కళ్లతో నేలను దువ్వుతున్నారు.

బళ్లారి నుంచి వచ్చిన ఒక ముసలాయన్ని దారి అడిగాను. వారం నుంచి ఏరుతున్నాడట, ఇంకా ఏమీ దొరకలేదట. పోయినేడు ఒకాయనకు దొరికిందని చెప్పాడు.

"మీరు చూశారా?"

"చూల్యా. దొరికిందైతే నిజం" అని మళ్లీ వంగాడు.

హోటలు ఊరి మొగదలలోనే ఉంది. రేకుల పంచ, రెండు బల్లలు, ఒక మూల దారానికి గుచ్చిన పాత వారపత్రికలు. పొయ్యి దగ్గర యాభై ఏళ్లావిడ బోండాలు వేస్తోంది. తిప్పేస్వామి భార్య సుంకమ్మ. నేనెవరో చెప్పాను. ఆవిడ నూనెలో నుంచి చూపు తిప్పకుండా, "నువ్వేనా ఆ రాసేది?" అంది.

తిప్పేస్వామి ఊళ్లో లేడు. పది రోజుల కిందట నా జవాబు వచ్చిందట, చదివి జేబులో పెట్టుకున్నాడట, మర్నాడే శింగనమలలో అక్క ఇంటికి పోయాడట. "విత్తనం కాయలు వలిచేది ఉండాదంటా. ఎప్పుడూ లేంది ఈ ఏడే అక్క మీద ప్రేమ పుట్టింది" అంది సుంకమ్మ. లోపలి గూట్లోంచి అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. పొడి పొట్లాలు వరుసగా పేర్చి ఉన్నాయి. "పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. దేవునికి దీపం పెట్టేది మరిసిపోతాడు గాని ఇది మరవడు. గుంతకల్లుకు పోయి తెచ్చుకుంటాండాడు. నీ ఉత్తరంలో ఏముండె? నాకు చెప్పలే."

రక్తం సంగతి ఆవిడకు తెలియదని నాకప్పుడు అర్థమైంది. భర్త దాచిన మాట నేను చెప్పవచ్చునా అని ఒక క్షణం తటపటాయించాను. ఇప్పటికే మూడు వారాలు ఒక బల్ల మీద, పది రోజులు ఒక జేబులో గడిచిపోయాయి. ఆయన నాకు రాసిన ఉత్తరం తీసి ఆవిడ ముందు పెట్టాను.

"నాకు చదువు రాదు. నువ్వే చదువు" అంది.

చదివాను. రక్తం పడుతోందన్న చోట నా గొంతు తగ్గిపోతే, గట్టిగా చదవమంది. "మీరు రాసినారు కాబట్టి పొడి మానలేదు" అన్న మాట కూడా నా నోటితోనే చదివాను. క్లాసులో పాతికేళ్లుగా గట్టిగా చదివి వినిపిస్తున్నాను. అంత కష్టమైన వాక్యం ఎప్పుడూ చదవలేదు.

సుంకమ్మ బోండాలు తీసి జల్లెట్లో వేసింది. స్టవ్వు ఆర్పింది. "రెండు నెలల నుంచి గుడ్డలు ఆయనే ఉతుక్కుంటాండాడు. నాకు పని తగ్గిస్తాండాడని అనుకుంటి" అంది. నా ముందున్న పొడి పెట్టె ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ పూటకు శింగనమల చేరే బస్సు లేదు. నాకు నిలబడితే కూర్చోవాలని, కూర్చుంటే లేవాలని ఉంది. చేల గట్ల మీద ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగాను. తిరిగి వచ్చేసరికి సుంకమ్మ రాగి సంగటి ముద్ద, పక్కన వేరుశనగ ఊరిబిండి పెట్టి పిలిచింది. సంగటి నమలకూడదు, తుంచి పచ్చట్లో అద్ది మింగాలి. నేను నములుతుంటే చూసి చూసి, "అట్ల కాదు" అని తుంచి చూపించింది. కోపం పోలేదు. కానీ నేను పస్తుండటం ఆవిడకు ఇష్టం లేదు. పైన ఇంత మజ్జిగ పోసి, "ఇదీ ఆ పొడీ ఒకటేనా?" అని అడిగింది. కాదన్నాను. మజ్జిగలో ఉండే బ్యాక్టీరియా వేరని, పరీక్షల్లో వాడినవి వేరని, మజ్జిగ మంచిదే కానీ దాన్ని ఈ జబ్బుకు మందు అనలేమని చెప్పాను. "ఇప్పుడు మాత్రం ఎంత సరిగా చెప్తాండావు" అంది.

శింగనమల దారిలో

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బయలుదేరాం. అనంతపురంలో మారిన బస్సు నిండా జనం. ఊరు దాటి కొంత దూరం పోయామో లేదో నాకు కడుపులో మొదలైంది. రాత్రి తిన్న సంగటి కాదు, భయం. ఆ మనిషిని చూసి ఏం చెప్పాలో ఎన్నిసార్లు అనుకున్నా మాట కుదరడం లేదు. చెమటలు పట్టాయి. బస్సు ఆపమని అడగడానికి సిగ్గు. సుంకమ్మ నా మొహం చూసి లేచి నిలబడింది.

"ఏమప్పా డ్రైవరూ, ఆపు. ఆడమనిషి దిగాల."

బస్సు ఆగింది. దిగి చూస్తే ఆ మెట్టనేలలో చాటన్నది లేదు. ఎటు చూసినా ఎర్రమట్టి, మోకాలెత్తు తుమ్మకంపలు. మా వైపైతే పది అడుగులకు అరటితోటో కాలవగట్టో ఉంటుంది. నేను కంపల దగ్గర నిలబడి అటూ ఇటూ చూస్తుంటే, సుంకమ్మ నా వెనకే దిగి వచ్చి, బస్సు వైపు వీపు పెట్టి, పైట రెండు చేతులతో చాచి తెరలా పట్టుకుంది. బస్సులోంచి ఇంకో ఆవిడ కూడా దిగి వచ్చి ఆవిడ పక్కన నిలబడింది. ఆవిడెవరో మాకు తెలియదు.

మళ్లీ బస్సెక్కాక సుంకమ్మ అడిగింది. "నీకూ ఇదేనా రోగం?"

"పంతొమ్మిదేళ్లుగా."

"మరి ఆ పొడికి తగ్గలేదే?"

"కొంచెం తగ్గింది. పోలేదు."

ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "ఆ ముక్క రాసింటే సరిపోతుండె" అంది. కోపంగా అనలేదు.

శింగనమల

చెరువు చాలా పెద్దది. ఆ ఏడు అడుగున ఎక్కడో పలచగా నీళ్లున్నాయి. మిగతాదంతా పగుళ్లిచ్చిన మట్టి, దాని మీద మేకలు. కట్ట మీద నిలబడి ఎంత వెడల్పో చూద్దామనుకునేలోపు సుంకమ్మ చేయి పట్టుకుని ఊళ్లోకి నడిపించింది.

తిప్పేస్వామి అక్క ఇంటి ముందు వేపచెట్టు నీడలో గోనెపట్ట మీద కూర్చుని వేరుశనగ కాయలు వలుస్తున్నాడు. పొడుగు మనిషి. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. దవడలు లోపలికి పోయాయి. భార్యను చూసి లేవబోయి, నన్ను చూసి ఆగిపోయాడు. పత్రికలో నా ఫోటో వస్తుంది.

"ఫోటోలో లావుగా ఉంటివి కదక్కా" అన్నాడు. ఉత్తరంలో "అమ్మా, మీరు" అని రాసిన మనిషి ఎదురుపడగానే "అక్కా, నువ్వు" అన్నాడు. ఎక్కడి నుంచో అతిథి వచ్చినంత సంతోషం ఆ మొహంలో. చాప వేయించాడు, నీళ్లు తెప్పించాడు. మూడేళ్లుగా దాచుకున్న నా వ్యాసాలన్నీ పేర్లతో సహా చెప్పాడు. వింటుంటే నాకు కుదురుగా కూర్చోవడం చేతకాలేదు.

"నా జవాబు చదివారా?" అని అడిగాను.

"చదివినా. బిరీన డాక్టరు దగ్గరికి పొమ్మని రాసినావు. ఎందుకని రాయలే."

"రాస్తే భయపడతారని రాయలేదు."

"రాయకపోతే ఇంగా భయం కదా." చేతిలో కాయ చిట్లగొట్టాడు. "మా నాయన ఇట్లే పోయినాడు. కడుపులో గడ్డ. రక్తం పడేది ఎవురికీ చెప్పకుండా దాపెట్టినాడు. నాకు పడినప్పుడు ఫస్టు అదే గుర్తొచ్చింది. అప్పుడు నీ పేపరు తీసి చూసినా. మొదట్లో ఇబ్బంది ఉంటాదని రాసిండావు. ఓహో, ఇది పొడి పని, పోతాదిలే అనుకుంటి. ఆ లైను రోజూ చదువుకుంటి."

సుంకమ్మ అరుగు మీద కూర్చుని ఆయన్నే చూస్తోంది. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆ వాక్యం కొద్దిరోజుల గ్యాసు గురించి రాసిందని, రక్తం గురించి కాదని, అది విడమరచి రాయకపోవడం నా తప్పని చెప్పాను. గుత్తి డాక్టరు ఏమన్నాడో చెప్పి చీటీ ఇచ్చాను.

ఆయన చీటీ అటూ ఇటూ తిప్పాడు. "ఫస్టు రెండు నెలలు తగ్గిందక్కా. ఒట్టు. అది అబద్ధమా?"

"తగ్గడం నిజం. పొడితో తగ్గిందా, తగ్గుతుందన్న నమ్మకంతో తగ్గిందా, ఈ జబ్బు దానంతటది నెమ్మదించే రోజుల్లో మీరు పొడి మొదలుపెట్టారా అన్నది మీ ఒక్కరిని చూసి చెప్పలేం. నన్ను చూసీ చెప్పలేం. నాకు తగ్గిందని అందరికీ తగ్గుతుందన్నట్టు రాశాను."

"మందు దొరికింది అని రాసినావు."

"రాశాను. అది కూడా తప్పే. కొందరికి కొంచెం మేలు చేయవచ్చు. అంతవరకే తెలుసు."

ఆయన మొహం మాడిపోయింది. నా మీద కోపం వస్తే బాగుండేది. మూడేళ్లుగా చదువుతున్న మనిషి చిన్నబుచ్చుకున్నాడు. కాయలు వలవడం మళ్లీ మొదలుపెట్టాడు. నాలుగు కాయలు వలిచాక సుంకమ్మ లేచి ఆయన చెప్పులు తెచ్చి ముందు పడేసింది.

"లెయ్. మీ నాయనకు చెప్పేవాళ్లు లేకపోయిరి. నీకు ఇంత దూరం వచ్చి చెప్తాండారు."

ఆయన లేచి చేతులు దులుపుకున్నాడు.

అనంతపురం

పరీక్షకు ముందురోజు పేగులు శుభ్రం కావడానికి ఉప్పటి మందునీళ్లు లీటర్ల లెక్కన తాగాలి. ఆసుపత్రి వరండాలో తిప్పేస్వామి గ్లాసు తరవాత గ్లాసు తాగుతూ, లేచిపోతూ, వస్తూ, "పన్నెండేండ్ల బాధంతా ఒక్క పూటలో తీర్చుకుంటాండాను" అన్నాడు. ఆ రోజంతా మా ముగ్గురినీ నవ్వించిన మాట అదొక్కటే. నేను బయట టీ బండికీ వరండాకీ మధ్య ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. అక్కడ టీ మూడు రూపాయలు. తాగకుండానే రెండు చల్లారబెట్టాను.

మర్నాడు పదకొండింటికి లోపలికి తీసుకెళ్లారు. మధ్యాహ్నం డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి, తెల్లకాగితం మీద పెద్దపేగు బొమ్మ గీసి, దాని చివరకు కొంచెం పైన ఒకచోట పెన్నుతో దిద్దాడు. అక్కడ ఒక గడ్డ ఉంది.

"దాని పేరేంది సార్?" అన్నాడు తిప్పేస్వామి.

"ముక్క తీసి పరీక్షకు పంపినాం. అది వచ్చేదాకా నేను పేరు పెట్టను. కానీ తీసెయ్యాల్సిందే. బెంగుళూరు పోండి, ఆలస్యం చేయొద్దు."

సుంకమ్మ ఆ కాగితం అడిగి తీసుకుని, మడిచి రవికలో పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. బెంగుళూరులో ఎవరున్నారో వరసగా పేర్లు చెప్పడం మొదలుపెట్టింది.

సాయంత్రం నా రైలుకు ముందు తిప్పేస్వామి మంచం పక్కన నిలబడ్డాను. తప్పు దిద్దుతూ పత్రికలో మళ్లీ రాస్తానని, ఆయన పేరు లేకుండా రాస్తానని చెప్పాను.

"పేరెయ్యి. పేరు లేకుంటే మా ఊర్లో ఎవురూ నమ్మరు. ఎవురికో అయ్యిందిలే అనుకుంటారు" అన్నాడు. ఇందులో ఆయన పేరు దాచకుండా రాయడానికి కారణం అదే.

గుంటూరు వచ్చాక

గడ్డ మంచిది కాదని తేలింది. ఆగస్టులో బెంగుళూరులో ఆపరేషను చేశారు. పేగు గోడ దాటి పోలేదని, ఏడాదికొకసారి వచ్చి చూపించుకోవాలని చెప్పారట. సుంకమ్మ ఎవరి చేతనో రాయించిన కార్డు ద్వారా ఇవన్నీ తెలిశాయి. గడ్డ పోయినా పాత ఉబ్బరం పోలేదని కూడా అందులో ఉంది. ఆ రెండూ వేరువేరు జబ్బులు కదా.

నా సవరణ వ్యాసం పత్రికలో పావు పేజీ వచ్చింది. మొదటి వ్యాసం రెండు పేజీలు. సంపాదకుడితో పోట్లాడాను, లాభం లేకపోయింది. అందుకే ఈ ప్రయాణమంతా ఇలా విడిగా రాస్తున్నాను.

సంక్రాంతి సెలవులు దగ్గరపడుతుండగా ఒకరోజు కళాశాల ఆఫీసుకు ఫోను వచ్చింది. తిప్పేస్వామి. గొంతులో బలం వచ్చింది. హోటలు మళ్లీ తెరిచాడట, పావు పేజీ కత్తిరించి అట్టకు అంటించి గోడకు కొట్టాడట. అక్షరాలు మరీ చిన్నగా వేశారని నన్ను కోప్పడ్డాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు.

"నిన్న ఒకాయప్ప వచ్చినాడక్కా. ఉరవకొండ సైడు మనిషి, నలభై ఏండ్లుంటాయి. గ్యాసు, నొప్పి. పొడి తినేదా వద్దా అని అడిగినాడు. నేను ఫస్టు రక్తం పడతాందా అంటి. లేదన్న్యాడు. బరువు తగ్గినావా అంటి, మీ ఇంట్లో ఎవురికైనా పేగుల్లో గడ్డ ఉండెనా అంటి. ఏమీ లేవన్న్యాడు. డాక్టరు చూసినాడా అంటే చూసి ఐబీఎస్ అన్న్యాడంట. అట్లయితే నెల తిని చూడు, తగ్గితే మంచిది, తగ్గకపోతే మానెయ్యి, దుడ్లు దండగ చేసుకోవద్దు అని చెప్పినా. ఇంగ రక్తం కనపడితే మాత్రం నా దగ్గరికి గూడా రావద్దు, నేరుగా ఆసుపత్రికి పో అన్న్యా." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నేను చెప్పింది కరెక్టేనా అక్కా?"

"నేను రాసినదానికంటే కరెక్టు" అన్నాను.